గుమ్మ సంతలో రాసిన చీటీ కొట్టుకి చేరడానికి పట్టిన మూడు నెలలు

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఊరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. ఇటు కొండెక్కితే గుమ్మ, సెరంగో, సవర గిరిజనుల ఊళ్లు. నాన్న, బాబాయి కలిసి చాలా ఏళ్లుగా జీడిపిక్కల వ్యాపారం చేస్తున్నారు. నాన్న కొట్లో కొంటాడు, బాబాయి సంతల్లో కొంటాడు, 80 కిలోల బస్తాలు కట్టి పలాస పంపుతారు. నేను విశాఖలో ఒక కంపెనీకి ఇంటి నుంచి ప్రోగ్రామింగ్ పని చేస్తాను. పగలంతా ఎవరివో యాప్‌లు రాస్తావు, మన లెక్కలు మాత్రం నలిగిన కాగితాల మీద ఉండాలా అని 2025 ఫిబ్రవరిలో నాన్న అన్నాడు. అన్నది సరదాకే. నేను సీరియస్‌గా తీసుకున్నాను.

కావలసింది చెప్పుకుంటే చిన్నదే. మూడు ఫోన్లు: కొట్లో నాన్నది, సంతలో బాబాయిది, గోదాములో గుమస్తాది. ఎవరు కొనుగోలు చీటీ రాసినా మిగతా ఇద్దరికీ కనపడాలి. కొండమీద సిగ్నల్ ఉండదు కాబట్టి, సిగ్నల్ లేకపోయినా రాయడం ఆగకూడదు. ఉద్యోగంలో ఒకసారి టైనీబేస్ అనే లైబ్రరీని, అంటే సిద్ధంగా దొరికే కోడ్‌ని చూశాను. డేటా మొత్తం ఫోన్‌లోనే టేబుళ్లు, వాటిలో వరుసలు (రో), వరుసల్లో గడులు (సెల్) గా ఉంటుంది, ఒక సెల్ మారగానే దాన్ని చూపించే చోటల్లా తెర దానంతటదే మారుతుంది. ఆ డేటాని ఎక్కడైనా దాచడానికి పర్సిస్టర్, ఇంకో ఫోన్‌తో కలపడానికి సింక్రనైజర్ అని విడివిడి ముక్కలు ఉంటాయి. సరిగ్గా మాకు కావలసిందే అనుకుని మార్చి 3న మొదలుపెట్టాను, సీజన్ ఊపందుకునేలోపు అయిపోతుందన్న ధీమాతో.

మొదటి వెర్షన్ రెండు రాత్రుల్లో అయిపోయింది. యాప్ బ్రౌజర్‌లో నడుస్తుంది, హోమ్ స్క్రీన్ మీద ఐకాన్ పెట్టుకుంటే మామూలు యాప్‌లాగే ఉంటుంది, డేటా లోకల్ స్టోరేజ్‌లోకి, అంటే బ్రౌజర్ ఇచ్చే చిన్న నిల్వలోకి వెళ్తుంది. ఇక్కడే మొదటి దెబ్బ, కాకపోతే చిన్నది. ఆటోసేవ్ లైను పైన, ఆటోలోడ్ లైను కింద రాశాను. ఆటోసేవ్ మొదలుపెట్టగానే ఒకసారి సేవ్ చేస్తుంది. అప్పటికి స్టోర్, అంటే యాప్ నడిచేటప్పుడు డేటా ఉండే చోటు, ఖాళీ. ఆ ఖాళీ వెళ్లి పాతదాని మీద కూర్చుంది, తర్వాత ఆటోలోడ్ ఆ ఖాళీనే తెచ్చింది. పోయినవి నేను ఆడుకోడానికి పెట్టిన పదకొండు ఎంట్రీలే కాబట్టి నవ్వుకుని రెండు లైన్లూ తారుమారు చేశాను. ముందు లోడ్, అది పూర్తయ్యాకే సేవ్. ఈ మాట డాక్యుమెంటేషన్‌లో ఉంది, నేనే చదవలేదు.

మార్చి 10 నుంచి కొట్లో నాన్న ఫోన్‌లో మాత్రమే వాడడం మొదలుపెట్టాం. నాలుగో రోజుకే ఒక చిక్కు వచ్చింది. నాన్న పేర్లు తెలుగులో కొడతాడు, గుమస్తా ఒడియాలో కొడతాడు. ఒకే మనిషి రెండు లిపుల్లో రెండు ఖాతాలు అయిపోతున్నాడు. సరే, కార్బన్ చీటీకి ఫోటో తీసి చీటీతోపాటే దాచుదాం, తేడా వస్తే ఫోటో చూసుకోవచ్చు అనుకున్నాను. ఫోటోని 40 కేబీకి కుదించి, అక్షరాల రూపంలోకి మార్చి, ఒక సెల్‌లో పెట్టేశాను. అలా మారిస్తే సైజు మూడో వంతు పెరుగుతుంది. లోకల్ స్టోరేజ్‌లో పట్టేది దాదాపు 5 ఎంబీ. లెక్క వేసుకుని ఉంటే తొంభై ఫోటోల దగ్గర గోడ తగులుతుందని తెలిసేది. వేసుకోలేదు.

మార్చి 21 మధ్యాహ్నం ఆ గోడ తగిలింది. తగిలినట్టు మాకెవరికీ తెలియలేదు, అసలు బాధ అది. తెర మీద చీటీలు మామూలుగా పడుతూనే ఉన్నాయి, ఎందుకంటే స్టోర్ ఉండేది ఫోన్ ఆపితే చెరిగిపోయే తాత్కాలిక మెమరీలో. సేవ్ మాత్రం ప్రతిసారీ ఫెయిలవుతోంది. పర్సిస్టర్‌కి మనం ఒక ఎర్రర్ హ్యాండ్లర్ (ఎర్రర్ వస్తే ఏం చెయ్యాలో చెప్పే కోడ్) ఇవ్వకపోతే అలాంటి ఎర్రర్లను అది పట్టించుకోకుండా వదిలేస్తుంది. నేను ఇవ్వలేదు. సాయంత్రం ఆరింటికి ఫోన్ వేడెక్కిందని నాన్న ఆపి మళ్లీ ఆన్ చేశాడు. మధ్యాహ్నం నుంచి రాసిన పద్నాలుగు చీటీలు లేవు. నన్ను పిలిచి ఫోన్ నా చేతిలో పెట్టాడు, ఏమీ అనలేదు. "ఏటమ్మా ఇది" అని ఒక్క మాట. నాకు చెమటలు పట్టాయి. కార్బన్ బుక్కు ఉండబట్టి సరిపోయింది, రాత్రి పదిన్నర దాకా ఇద్దరం కూర్చుని తిరిగి కొట్టాం. అమ్మ మధ్యలో టీ ఇస్తూ, ఈ పని చీటీ రాసినప్పుడే అయిపోయింది కదా, మళ్లీ ఎందుకు రాస్తున్నారు అని అడిగింది. జవాబు చెప్పలేదు.

మర్నాడు మొదటి పని, హ్యాండ్లర్ పెట్టాను. సేవ్ ఫెయిలైతే తెర పైభాగమంతా ఎర్రగా మారి "సేవ్ కాలేదు, కాగితం మీద రాయండి" అని వస్తుంది. ఫోటోలను సెల్స్‌లోంచి తీసి ఇండెక్స్‌డ్‌డీబీ అనే, బ్రౌజర్‌లోనే ఉండే పెద్ద నిల్వలో విడిగా పెట్టాను, సెల్‌లో ఫోటో పేరు మాత్రం ఉంటుంది. ఫోన్‌లో స్థలం నిండితే ఈ డేటా తుడిచెయ్యొద్దని బ్రౌజర్‌కి చెప్పే ఒక పిలుపు ఉంది, అదీ చేర్చాను. క్రోమ్ మనల్ని ఏమీ అడగదు, తనే సరేనంటుంది లేదా కాదంటుంది. మా మూడు ఫోన్లలో రెండింటికి సరేనంది. హోమ్ స్క్రీన్ మీద ఐకాన్ పెట్టాక మూడోదానికీ ఒప్పుకుంది. మార్చి 30 ఉగాది. పచ్చడి తిని ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే అమ్మ తిట్టింది, ఏడాదంతా ఇంతే ఉంటావని.

ఏప్రిల్ మొదటి వారం సింక్ పని. మామూలు స్టోర్‌తో కుదరదు, మెర్జబుల్ స్టోర్ కావాలి. ఇది 5వ వెర్షన్‌తో వచ్చింది. ప్రతి సెల్‌కీ ఒక కాలముద్ర వేస్తుంది, పదహారు అక్షరాలు ఉంటుంది. రెండు ఫోన్లలో ఒకే సెల్ మారితే ఎవరి ముద్ర తర్వాతిదో వాళ్లది నిలుస్తుంది. ముద్రల వల్ల డేటా బాగా బరువెక్కుతుందని ముందే చెప్తున్నాను, మా చీటీల ఫైలు మూడు రెట్లు దాటి పెరిగింది. ఫోటోలు ముందే తీసెయ్యడం ఇక్కడ కలిసొచ్చింది.

నెలకి 450 రూపాయల చిన్న సర్వర్ తీసుకున్నాను, ఏడాదికి 800 పెట్టి ఒక డొమైన్ కొన్నాను. డొమైన్ ఎందుకంటే, యాప్ హెచ్‌టీటీపీఎస్‌లో ఉంటే మామూలు వెబ్‌సాకెట్‌ని (ఫోన్‌కీ సర్వర్‌కీ మధ్య తెరిచి ఉంచే లైను) బ్రౌజర్ ఒప్పుకోదు, దానికీ సర్టిఫికెట్ కావాలి. సర్టిఫికెట్ ఉచితమే. ఏప్రిల్ 6 ఆదివారం మూడు ఫోన్లూ టేబుల్ మీద పక్కపక్కన పెట్టి, ఒకదాంట్లో చీటీ రాస్తే మిగతా రెండింట్లో టక్కున పడింది. బాబాయి "ఓరి దీని" అన్నాడు. ఆ రాత్రి నేను చాలా బాగా పడుకున్నాను.

మంగళవారం బాబాయి సంతకి వెళ్లి రాత్రి తొమ్మిదికి దిగాడు. సిగ్నల్ వచ్చింది, యాప్ తెరిచాడు, సింక్ అవుతున్నట్టు కనపడింది, ఫోన్ చార్జింగ్‌లో పెట్టి పడుకున్నాడు. ఇక్కడ నాన్న ఫోన్ ఎనిమిదింటికే ఆఫ్. పొద్దున ఆరింటికి బాబాయి మళ్లీ కొండెక్కాడు, నాన్న ఏడింటికి ఫోన్ ఆన్ చేశాడు. సంత చీటీలు ఒక్కటీ లేవు. బుధవారమూ ఇదే తంతు. మూడు ఫోన్లు ఒకేసారి మేలుకుని ఉంటేనే కలుస్తున్నాయి. రెండు రోజులు నెట్‌వర్క్‌ని తిట్టాను. తీరా చూస్తే ఆ లైబ్రరీ ఇచ్చే వెబ్‌సాకెట్ సర్వర్ ఒకరి మాట ఇంకొకరికి అందిస్తుందంతే, తను ఏదీ దాచుకోదు. దాచుకోమని మనమే దానికి ఇంకో పర్సిస్టర్ ఇవ్వాలి. అంటే నేను నెలకి 450 ఇచ్చి పెట్టుకున్నది గోదాము కాదు, టెలిఫోన్ ఎక్స్ఛేంజి. నాలుగు లైన్లు కలిపితే సర్వర్‌లో ఒక ఫైలు తయారైంది, ఎవరు ఎప్పుడు మేలుకున్నా అందులోంచి తెచ్చుకుంటున్నారు. ఆ ఫైలుని రోజూ రాత్రి నా ల్యాప్‌టాప్‌కి కాపీ చేస్తున్నాను, ఎందుకైనా మంచిదని.

ఇక ఏప్రిల్ 21. ఈ ఒక్కటీ కొంచెం వివరంగా చెప్పాలి.

ఒక రైతు పొద్దున్నే కొట్టుకి వచ్చి మూడు రోజుల కిందటి తన చీటీ లెక్కలో మూడు కిలోలు తక్కువ వచ్చిందన్నాడు. యాప్‌లో చూస్తే పేరు అతనిదే, తూకం 118 కిలోలు, సరిపోయింది. కింద "తరుగు 3 కిలోలు" అని ఉంది. తరుగు పచ్చి సరుక్కి తీస్తాం. "నాది ఎండు సరుకు బాబూ, చప్పుడు విని కదా తీసుకున్నారు, తరుగేటి?" అని నాన్నతో అన్నాడు. నాన్న తను తరుగు వెయ్యలేదంటాడు. కార్బన్ చీటీలో కూడా లేదు. కిలో 150 చొప్పున 450 రూపాయలు. నాన్న అక్కడికక్కడే ఇచ్చేశాడు కానీ, అతని మొహంలో అనుమానం పోలేదు. ఎన్నో ఏళ్ల బేరం.

సర్వర్‌లో ఫైలు తెరిచి ఆ రోని వెతికాను. పేరు, తూకం, రేటు, వీటన్నింటి ముద్రల చివరి ఐదు అక్షరాలు ఒకటే. ఆ ఐదు అక్షరాలు ఏ ఫోన్ రాసిందో చెప్తాయి, అవి నాన్న ఫోన్‌వి. తరుగు సెల్ ముద్ర చివర వేరే ఐదు అక్షరాలు ఉన్నాయి. బాబాయివి.

అప్పుడు అర్థమైంది. చీటీ నంబరునే నేను రో ఐడీగా, అంటే ఆ వరుసని గుర్తుపట్టే పేరుగా పెట్టాను. కొత్త చీటీ అంటే కిందటి నంబరుకి ఒకటి కలపడమే. ఆ రోజు బాబాయి గుమ్మలో సిగ్నల్ లేకుండా 143 రాశాడు, ఎవరో పచ్చి సరుకు తెస్తే తరుగు వేశాడు. గంట తర్వాత నాన్న కొట్లో 143 రాశాడు, తరుగు లేకుండా. సాయంత్రం రెండూ కలిశాయి. లైబ్రరీ దృష్టిలో ఇవి ఇద్దరు మనుషుల చీటీలు కావు, ఒకే రో. పేరు, తూకం, రేటు రెండు వైపులా ఉన్నాయి కాబట్టి తర్వాత రాసిన నాన్నవి నిలిచాయి. తరుగు నాన్న రాయనే లేదు, కాబట్టి బాబాయిది అలాగే ఉండిపోయింది. గుమ్మలో ఆ సవరాయన చీటీ మొత్తంగా మాయం, అతని తరుగు మాత్రం వచ్చి ఈయన నెత్తిన పడింది. లైబ్రరీ చెప్పిన పని తు.చ. తప్పకుండా చేసింది, చెప్పడంలోనే తప్పుంది. ఇలా కలిసిపోయినవి ఆ వారంలో మొత్తం ఆరు దొరికాయి, వెతికి సరిచెయ్యడానికి రెండు రోజులు పట్టింది.

నాన్నకి చెప్తే ఆశ్చర్యపోలేదు. లోపలికి వెళ్లి బీరువాలోంచి పాత కార్బన్ బుక్కులు తెచ్చాడు. కొట్టుది ఎర్ర అట్ట, సంతది నీలం అట్ట, గోదాముది పచ్చ అట్ట. ఎవరి నంబర్లు వాళ్లవే. "మీ తాతప్పటి నుంచీ ఇంతే. ఒకే బుక్కు ఇద్దరి దగ్గర ఉండదు కదమ్మా" అన్నాడు. ముందే అడిగి ఉంటే బాగుండేది. ఆ రాత్రే ఐడీలు మార్చాను, ఎర్ర 1, నీలం 1, పచ్చ 1. బుక్కు మీద నంబరు, యాప్‌లో నంబరు ఒకటే అయ్యాయి. అదే ఊపులో పార్టీ బాకీని ఒక సెల్‌లో కూడికలు తీసివేతలు చేస్తూ ఉంచడం కూడా మానేశాను. ఇద్దరు వేర్వేరు చోట్ల డబ్బు ఇస్తే ఒకరిది పోతుంది, పైన చెప్పిన కథే. ఇప్పుడు ప్రతి చెల్లింపూ ఒక రో, బాకీ అంటే చీటీల మొత్తంలో అవన్నీ పోగా మిగిలింది, లైబ్రరీయే ఎప్పటికప్పుడు లెక్కగట్టి చూపిస్తుంది.

మే 5న ఇంకోటి. దీనికి 2,400 ఖర్చయింది. "ఈ రోజు రేటు" అని ఒకే ఒక డబ్బా పెట్టాను, ముగ్గురికీ అదే. పొద్దున 11:00కి సంతలో వేరే వ్యాపారి 152 అంటున్నాడని బాబాయి తన ఫోన్‌లో రేటు 152 చేశాడు. 11:10కి పలాస నుంచి ఫోన్ వస్తే నాన్న ఇక్కడ 146 చేశాడు. మధ్యాహ్నం బాబాయి ఫోన్‌కి సిగ్నల్ తగిలింది, కొట్లో తెర మీద రేటు 152 అయిపోయింది, నాన్న అది చూసి ఐదు బస్తాలు 152కి కొన్నాడు. నాన్న తర్వాత మార్చాడు కదా, నాన్నదే నిలవాలి కదా అని నేను తల బద్దలు కొట్టుకున్నాను. రాత్రి బాబాయి ఫోన్ పక్కన నా ఫోన్ పెట్టి చూస్తే, ఆయన గడియారం పావుగంట ముందుంది. బస్సు తప్పిపోకుండా పెట్టుకున్నాడట, ఎప్పటి నుంచో! ఆయన 11:00కి మార్చింది 11:15 ముద్రతో వచ్చింది. ఒక ఫోన్ ఇంకోదాని ముద్రని చూశాక తన గడియారాన్ని దాన్ని దాటించి సర్దుకుంటుంది కానీ, సిగ్నల్ లేనప్పుడు చూసేది ఎలా?

ఆటోమేటిక్ టైం పెట్టమంటే బాబాయి ఒప్పుకోలేదు. "బస్సు తప్పిపోతే నీ యాప్ దింపుతుందేటే నన్ను?" అన్నాడు. చివరికి పిన్ని గోడ గడియారాన్ని పావుగంట ముందుకి తిప్పి, ఫోన్ వదిలెయ్యమంది. రేటుని కూడా ఒక్క డబ్బాగా వదిలెయ్యకుండా, ఏ చోట ఎప్పుడు ఎంత అని ఒక్కో రోగా మార్చాను. కొట్టు రేటు కొట్టుదే, సంత రేటు సంతదే. అసలు వ్యాపారంలో అది ఎప్పుడూ అలాగే ఉంది.

ఇంత అయ్యాక కూడా బాబాయి రోజూ రాత్రి ఫోన్ చేసి "చేరాయా?" అని అడిగేవాడు. ఆయన తెర మీద "సేవ్ అయింది" అని ఉంటుంది. అది ఆయన ఫోన్‌లో సేవ్ అయిందని, కొట్టుకి చేరిందని కాదు. ఈ తేడా నాకు తెలుసు, ఆయనకి తెలియాల్సిన పని లేదు. సింక్రనైజర్ ఎన్ని పంపింది, ఎన్ని అందుకుంది అని లెక్క చెప్తుంది కానీ ఫలానా చీటీ చేరిందా అన్నదానికి అది జవాబు కాదు. సర్వర్‌లోనే నాలుగో ఫోన్‌లాగా ఒక చిన్న ప్రోగ్రాం పెట్టాను. కొత్త చీటీ కనపడగానే దాని "చేరింది" సెల్‌లో అవును అని రాస్తుంది, అది తిరిగి బాబాయి ఫోన్‌కి వచ్చి రెండో టిక్కు పడుతుంది. వాట్సాప్ చూసినవాళ్లకి టిక్కుల గురించి చెప్పక్కర్లేదు కదా. ఇందులోనూ ఒక సాయంత్రం పోయింది. లిజనర్ (డేటా మారగానే నడిచే కోడ్ ముక్క) లోపలి నుంచి స్టోర్‌లో రాయాలంటే, అది రాసే లిజనర్ అని ముందే చెప్పాలి, ఒక ట్రూ పెట్టాలి. పెట్టకపోతే ఎర్రర్ రాదు, రాసింది మాత్రం పడదు. ఈ లైబ్రరీ మీద నాకున్న ఒకే ఒక కోపం ఇదే, కొన్నిచోట్ల మరీ మర్యాదగా ఊరుకుంటుంది. మే 18 నుంచి టిక్కులు పనిచేస్తున్నాయి. బాబాయి రాత్రిళ్లు ఫోన్ చేసి అడగడం మానేశాడు.

జూన్ 9న సంత నుంచి దిగుతుంటే పెద్ద వాన. బాబాయి చొక్కా జేబులో ఉన్న ఫోన్ పూర్తిగా తడిసిపోయింది, ఇక తెరుచుకోలేదు. మర్నాడు కొట్లో కూర్చుని కొత్త ఫోన్‌లో యాప్ పెట్టి, సర్వర్‌కి కలిపాను. తెర కాసేపు తెల్లగా ఉండి, ఒక్కసారిగా చీటీలు పడడం మొదలైంది. సీజన్ మొత్తం, 1,300 పైచిలుకు, నిమిషం కూడా పట్టలేదు. నాకైతే కళ్లు చెమర్చినంత పనైంది. బాబాయి మాత్రం పైనుంచి కిందకి వేలితో జరుపుతూ నీలం నంబర్లే చూస్తున్నాడు.

"నాలుగొందల పన్నెండుతో ఆగిపోయింది. నిన్న వాన మొదలయ్యేసరికి రెండిటికి ఒక్క టిక్కే ఉంది" అన్నాడు. సంచిలోంచి పాలిథిన్ కవర్లో చుట్టిన నీలం బుక్కు తీసి, 413, 414 చదవడం మొదలుపెట్టాడు. నేను కొట్టాను.